జెనాన్ దీపాలు – ఎదుటివాని కన్ను

వారానికి మూడు రాత్రులు గుంటూరు నుంచి పర్చూరు దగ్గర ఉన్న మా పల్లెకు కారు నడుపుకొని రావలసిన అవసరం నాకు ఏర్పడింది. నా శ్రీమతికి డయాలసిస్ సాయంకాలపు వంతులో జరుగుతుంది. నాలుగు గంటలపాటు మంచంమీద ఉండి, సూదులు తీసి, కట్టు కట్టేసరికి తొమ్మిది దాటుతుంది. చిలకలూరిపేట వరకు జాతీయ రహదారి. అక్కడ పోవు బండ్లకు, వచ్చు బండ్లకు నడుమ అడ్డుగట్టు ఉన్నది గనుక చింత లేదు. పేట దాటి పర్చూరు దారిలో పడ్డాకనే అసలు పరీక్ష. (2022 ఏప్రిల్‌లో పర్చూరు బాపట్ల జిల్లాలోకి వెళ్ళింది, పేట పల్నాడు జిల్లాలోకి వెళ్ళింది. నా నోటికి మాత్రం ఇప్పటికీ ప్రకాశం, గుంటూరు అనే వస్తాయి.)

ఈ నేల సంగతి తెలిసినవారికి వేరే చెప్పనక్కరలేదు. తెలియనివారికోసం రెండు మాటలు. నల్లరేగడి వెలుతురును మింగుతుంది. తారు నలుపు, మట్టి నలుపు, పత్తి మోళ్ళు నలుపు. దారి ఎక్కడ ముగిసి చేను ఎక్కడ మొదలైందో దీపపు వెలుగులో కూడా తేలదు. మాఘమాసం మొదలుకొని మిరప కోతలు. దారి పక్కనే కళ్ళాలు, వాటి మీద పట్టాలు, పట్టాల పక్కన కాపలా పడుకున్న మనుషులు. యార్డుకు మిర్చి టిక్కీలు మోసే లారీలు, పత్తి బస్తాలు గోపురంలా పేర్చిన ట్రాక్టరు ట్రక్కులు. ఆ ట్రక్కుకు వెనుక దీపం ఉండదు. ఉన్నా వెలగదు. టైరు పంక్చరైతే దారి నడుమనే ఆపి, వెనుక నాలుగు రాళ్ళు పెట్టి, యజమాని జాకీకోసం ఊళ్ళోకి పోతాడు.

ఇక నా కన్ను. నలభై దాటితే చత్వారం అన్నారు పెద్దలు. ఆ మాటలోనే నలభై ఉన్నది. అరవై దాటినదానికి వారు పేరు పెట్టలేదు గాని వైద్యులు లెక్క చెబుతారు. ఇరవై ఏళ్ళవాని కంటిలోపలి పొరకు చేరే వెలుగులో అరవై ఏళ్ళవానికి చేరేది సుమారు మూడోవంతు. పైగా ముదిరిన కటకంలో వెలుగు చెదిరిపోయి, ఎదుటి దీపం చుట్టూ ఒక తెల్లని పొగమంచు కమ్ముతుంది. అంటే నాకు వెలుగు ఎక్కువ కావాలి, ఎదుటి వెలుగు తక్కువ ఉండాలి. ఎదుటివానికీ ఇదే కోరిక ఉండదా?

ఉంటుంది. మా వీధిలోని ఒక రైతు, వయసులో నాకంటె పెద్దవాడు, రాత్రి చేనినుంచి సైకిలుమీద వస్తుండగా ఎదురుగా నీలితెలుపు దీపాల కారొకటి వచ్చింది. కన్ను చెదిరి ఏమీ కనిపించక, దారి అనుకొని తొక్కినది సైడు కాలువలోకి. తుంటి ఎముక విరిగింది. కారు ఆగలేదు. ఆగవలసిన పని ఏదో జరిగిందని ఆ నడిపేవానికి తెలిసి ఉండదు కూడా. ఆయన ఆరు నెలలు మంచంమీద ఉన్నాడు. ఆ ఏడు మిరప కోత కోడలు ఒక్కతే చేయించుకున్నది. చూడబోయినప్పుడు నాతో, “మాస్టారూ, చీకటైతే తడుముకొని వచ్చేవాణ్ణి. ఆ వెలుగులో తడుముకోవడానికి కూడా లేకపోయింది” అన్నాడు.

అందువల్ల, నా కారు దీపాలు పెంచుకోవాలన్న ఆలోచన వచ్చినప్పుడు, ఆ నీలితెలుపు బల్బులు ఎందుకంత బాధిస్తాయో ముందు తెలుసుకోవాలనుకున్నాను. మా కారులో ఉన్నది హెచ్‌-4 అనే హాలోజన్ బల్బు. అందులో రెండు తీగలు, ఒకటి దూరపు వెలుగుకు, ఒకటి దగ్గరి వెలుగుకు. దగ్గరి వెలుగు తీగ కింద చిన్న లోహపు దొన్నె ఒకటి ఉంటుంది. అద్దపు గిన్నె దిగువ సగం మీద వెలుగు పడకుండా అది అడ్డుకుంటుంది. అందువలన కిరణాలు కిందికే వంగుతాయి. ఆ గిన్నెలోని ప్రతి వంపునూ తీగ ఫలానా చోట ఉంటుందన్న నమ్మకంతోనే చెక్కారు. అందులో తీగ లేని జెనాన్ బల్బును తెచ్చి గుచ్చితే, వెలిగే చోటు మారుతుంది, ఆకారం మారుతుంది, కాంతి మూడు రెట్లవుతుంది. గిన్నె తన పని తాను చేస్తుంది గాని వెలుగు దాని మాట వినదు. ఛందస్సు తెలియనివాడు కందపద్యంలో సీసపు గణాలు వేసినట్లుంటుంది.

విజయవాడ ఆటోనగర్‌లో నాకు దొరికిన ఎలక్ట్రీషియన్ ముప్పై ఏళ్ళు నిండని కుర్రవాడు. మంచి గురువు లక్షణం ఒకటి అతనిలో కనిపించింది. అడిగినది అమ్మకుండా ముందు పరీక్ష పెట్టాడు. దీపం వెలిగించి బల్బు దగ్గర వోల్టేజి కొలిచాడు. బ్యాటరీ దగ్గర ఉన్నదానికీ బల్బుకు చేరేదానికీ తేడా వచ్చింది. పాత సన్నతీగలు, తుప్పు పట్టిన కనెక్టర్లు మధ్యలో సుంకం వసూలు చేస్తున్నాయి. హాలోజన్ బల్బుకు పదో వంతు వోల్టేజి తగ్గితే వెలుగు మూడో వంతుకు దగ్గరగా తగ్గుతుందట. రిలేలు పెట్టి కొత్త తీగలు వేస్తే కొన్ని వందల రూపాయలతో సగం రోగం కుదురుతుందన్నాడు. వేయించాను. నిజంగానే కుదిరింది. చదువరులలో ఎవరికైనా ఇదే బాధ ఉంటే ఇక్కడితో ఆగిపోవచ్చు. నేను ఆగలేదు. పేట దాటాక ఎడమవైపు అంచు నాకు ఇంకా స్పష్టం కాలేదు.

పాతసామాను కొట్టులో మా కారుదే ఇంకొక జత దీపాలు కొన్నాడు. హీట్‌గన్‌తో జిగురు కరిగించి ముందరి మూత ఊడదీశాడు. లోపల ప్రొజెక్టరు బిగించాడు. దాని మర్మం నాకు బోధపరచినవారు మా బడిలో లెక్కలు చెప్పి నాతోపాటే విశ్రాంతి తీసుకున్న మిత్రులు. దీర్ఘవృత్తానికి రెండు నాభులు ఉంటాయి. ఒక నాభిలో దీపం పెడితే, గోడకు తగిలిన ప్రతి కిరణమూ రెండవ నాభికే పోతుంది. ప్రొజెక్టరు అద్దం ఆ వంపుది. రెండవ నాభి దగ్గర ఒక చిన్న రేకు తెర అడ్డంగా నిలుస్తుంది. దాని ముందున్న కటకం ఆ తెర అంచును తలకిందులుగా దారిమీద బొమ్మ కడుతుంది. అందుకే ఆ వెలుగుకు కత్తితో కోసినట్లు ఒక పై అంచు. దూరపు వెలుగు కావాలంటే మీట నొక్కగానే తెర వాలిపోతుంది.

అంచు అంతా సమానంగా ఉండదు. మన దేశంలో ఎడమవైపు కొంచెం పైకి లేస్తుంది. అంచున నడిచేవాడు కనిపించాలి, కుడివైపున ఎదురు వచ్చేవాని కంట్లో పడకూడదు. కుడిపక్కన నడిచే దేశాల ప్రొజెక్టర్లు తెచ్చి బిగిస్తే ఈ లేచిన కొస సరిగ్గా ఎదుటివాని కంట్లోనే గుచ్చుకుంటుంది. నా కుర్రవాడు జపాను కారునుంచి తీసినవే వెతికి తెచ్చాడు. అక్కడ కూడా మనలాగే ఎడమవైపు నడక.

బల్బు సంగతి. హెచ్‌-4 దగ్గరి వెలుగు 55 వాట్లు తిని సుమారు 1000 ల్యూమెన్లు ఇస్తే, ఈ డి2ఎస్ బల్బు 35 వాట్లకు 3200 ఇస్తుంది. వెలిగించడానికి మాత్రం బ్యాలస్ట్ ఇరవై వేల వోల్టులకు పైబడిన దెబ్బ కొడుతుంది. ఆ మెరుపు పుట్టగానే జెనాన్ వాయువు వెంటనే వెలుగుతుంది. కొన్ని క్షణాల తరువాత లోపలి లోహ లవణాలు ఆవిరై, అసలు వెలుగు వాటినుంచి వస్తుంది. 1898లో విలియం రామ్సే, మోరిస్ ట్రావర్స్ అనేవారు ఈ వాయువును కనిపెట్టి, గ్రీకు మాటతో పేరు పెట్టారు. ఆ మాటకు పరాయివాడని అర్థం, అతిథి అనీ అర్థం. మన అతిథి కూడా తిథి లేకుండా వచ్చే పరాయివాడే కదా! ముందు తాను వచ్చి గడప దగ్గర దీపం ముట్టించి, తరువాత పక్కకు తప్పుకునే ఈ అతిథి నాకు నచ్చాడు. 1991లో బి.ఎం.డబ్ల్యు. పెద్ద కార్లలో మొదట వచ్చిన ఈ దీపాలు ఇప్పుడు ఎల్.ఇ.డి.ల ముందు వెనుకబడిపోతున్నాయి. నీలిరంగు బల్బు కావాలా అని అడిగితే వద్దన్నాను. 4300 కెల్విన్‌ది చాలు. ఆ అంకె పెరిగేకొద్దీ సోకు పెరిగి వెలుగు తగ్గుతుంది.

మా ఊరి జిన్నింగు మిల్లు గోదాము గోడ ముందు కారు నిలిపి గురి చూశాము. దీపం ఎత్తు 65 సెంటీమీటర్లు. పది మీటర్ల దూరంలో గోడమీద అంచు 55 దగ్గర ఉండాలి. ఆ లెక్కన వెలుగు 65 మీటర్ల దగ్గర నేలను తాకుతుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతాము. తక్కిన లెక్క ఎవరికి వారు వేసుకోవచ్చు. వెనుక సీట్లో నా శ్రీమతిని, ఆమె చెల్లెలిని కూర్చోబెట్టే గురి చూడమన్నాను. వెనుక బరువుకు కారు ముక్కు లేస్తుంది, వెలుగూ లేస్తుంది. “ఇదేం పెళ్ళిచూపులండీ, గోడకు ఎదురుగా?” అన్నదామె. చాలా రోజులకు విన్న నవ్వు.

చట్టం మాట చెప్పకుండా దాటవేయను. 1989 నాటి కేంద్ర మోటారు వాహన నియమాలలో 106వది, దీపానికి 8 మీటర్ల ముందు, అర మీటరు కుడిగా, నేలకు మీటరున్నర ఎత్తున ఉన్న కన్ను చెదరకూడదంటుంది. శాసనాల భాష పొడిగా ఉంటుందంటారు గాని, ఎదుటివాని కన్ను ఎక్కడ ఉంటుందో కొలిచి చెప్పిన ఈ వాక్యం నాకు ఎంతో ఇష్టం. సైకిలుమీద మా రైతు కన్ను కూడా ఇంచుమించు ఆ ఎత్తుననే ఉంటుంది. ఆ నియమానికి నా దీపాలు లోబడి ఉన్నాయి. కాని 1988 చట్టం 52వ సెక్షను, తయారీదారు ఇచ్చిన రూపానికి భిన్నంగా బండిని మార్చవద్దంటుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ సెక్షనును గట్టిగానే చెప్పింది. అధికారి అభ్యంతరపెడితే నా దగ్గర వాదన లేదు. పాత దీపాలు అట్టపెట్టెలో కట్టి అటకమీద ఉంచాను. అడిగిన నాడు బిగించుకుంటాను.

ఇప్పుడు దారి ఎడమ అంచు కనిపిస్తుంది. కళ్ళం పక్కన పడుకున్నవాని దుప్పటి గళ్ళు కూడా కనిపిస్తాయి. అయితే అంచు పైన అంతా కటిక చీకటి. హాలోజన్‌లో పైకి చిందే మసక వెలుగులో ట్రక్కు మీది బస్తాలు లీలగానైనా తెలిసేవి. ఇప్పుడు చక్రాలే తెలుస్తాయి. స్పీడు బ్రేకరు ఎక్కినప్పుడు ముక్కు లేచి ఎదుటి లారీవాడు కోపంతో డిప్పర్ కొడతాడు. అతని కోపం న్యాయమే.

ఆ ట్రక్కుల సంగతి ఆలోచించగా తోచినది మరొకటి. కారు దీపం ఎంత పెంచినా వెనుక దీపం లేని ట్రక్కు నల్లగానే ఉంటుంది. దానికి రేడియం స్టిక్కరు అతికిస్తే, (పేరుకే రేడియం, అందులో రేడియం ఉండదు) సన్నని గాజు పూసలు పడిన వెలుగును వచ్చిన దారినే తిప్పి పంపుతాయి. హాలోజన్‌కైనా, జెనాన్‌కైనా, మోపెడ్ గుడ్డిదీపానికైనా ఒకటే మర్యాద. నా పాత విద్యార్థులు నలుగురిని వెంటబెట్టుకొని మా ఊళ్ళో ముప్పైరెండు ట్రక్కులకు, ఆరు ఎడ్లబండ్లకు, తుంటి విరిగిన రైతుగారి సైకిలుకు ఎర్రనివి అతికించాము. పై ఊరివాళ్ళు తమకూ కావాలంటున్నారు. కోతలు మొదలుకాకముందే ఇంకో రెండు చుట్లు కొనాలి.