నక్కాల్

తెలుగువాని చెవికి 'నక్కాల్' అను మాట సోకగానే మొదట నక్క జ్ఞప్తికి వచ్చును. పులిని చూచి వాతలు పెట్టుకొన్న ఆ నక్క మన సామెతలలో అనుకర్తలకందఱకును ప్రతినిధి. కాని ఈ మాటకును ఆ జంతువునకును చుట్టఱికము లేదు. అరబ్బీలోని 'నఖల్' నుండి పుట్టి, పారసీకము మీదుగా హిందూస్థానీలో ప్రవేశించిన మాట యిది. ఒకచోటనుండి మఱియొకచోటికి చేర్చుట దాని మూలార్థము. సరకు మోయుట, విన్నది చెప్పుట, ఒక భాషలోని గ్రంథమును వేఱొక భాషలోనికి తెచ్చుట అన్నియు ఆ మాటలో ఇమిడినవే.

ఇరానులో నక్కాల్ కథకుడు. చేత కఱ్ఱ బూని, ఒక్కడే వీరుడై, శత్రువై, కన్నతండ్రియై, గొంతు మార్చుచు షానామా కథలు చెప్పును. కాఫీశాలలతోపాటు ఆ కళయు క్షీణించుటచే 2011లో యునెస్కో దానిని తక్షణ రక్షణ కోరు కళలలో చేర్చినది.

పంజాబులో నక్కాల్ పాడును, ఆడును, స్త్రీవేషము కట్టును, నవ్వించును. హాస్యమునకు ఇద్దఱు నిలుతురు. ఒకడు ఎదురుమాట విసరగానే రెండవవాడు తోలుపట్టీతో వాని అఱచేతిపై చఱచును. షావుకారు నడకయు, అధికారి దర్పమును ఆ దెబ్బల నడుమ బయటపడును. వీరికి దాయాదులైన భాండులు డోలు తాళములతో పాడుచు మనుష్యులను, మృగములను అనుకరింతురని అక్బరు కాలపు ఐనీ అక్బరీ పేర్కొన్నది.

ఇంతటి మాట నేటి హిందీలో చిన్నవోయినది. పరీక్షలో ప్రక్కవాని కాగితము చూచి వ్రాయుట 'నకల్'. పరుల పోకడ కాజేయువాడు నక్కాల్. ఐనను 'నకలుకును అకలు కావలెను' అను లోకోక్తి అచ్చట ఇంకను జీవించియే యున్నది. తెలివిలేక అనుకరణము సాగదని దాని భావము.

తెలుగులో ఈ ధాతువు రెండు బిడ్డలను కన్నది. కచేరిలో ముద్రవేసి యిచ్చు దస్తావేజు ప్రతి 'నకలు'. దానికి గౌరవము కలదు. మోసపు సరకు 'నకిలీ'. దానికి శిక్ష కలదు. రెంటికిని భేదము పోలికలో లేదు. నకలు తాను నకలునని చెప్పుకొనును, నకిలీ చెప్పుకొనదు.

వరంగల్లుకు చెందిన నేరెళ్ల వేణుమాధవ్ (1932–2018) సభలో నాయకుల గొంతులను, నటుల గొంతులను పలికించినపుడు శ్రోతలలో మోసపోయినవాడొక్కడును లేడు. ఆ గొంతు ఎవరిదో, పలికించువాడెవ్వడో ఎఱిగియే చప్పట్లు కొట్టిరి. 2001లో ప్రభుత్వము పద్మశ్రీ యిచ్చి గౌరవించినది ఆ నకలునే. నేడు యంత్రము కొడుకు గొంతును దొంగిలించి తల్లికి ఫోనుచేసి సొమ్మడుగుచున్నది. పోలికలో అది ఏ కళాకారునికిని తీసిపోదు. ఐనను ఆ తల్లికి మిగులునది నవ్వు కాదు.

భరతుడు నాట్యమును లోకానుకరణమన్నాడు. అభినవగుప్తుడు దానిని ఉత్త అనుకరణముగా గ్రహింపనొల్లలేదు. నటుడు వేషము కట్టి రాముని కాపీ చేయడు, రాముని భావమును ప్రేక్షకుని హృదయమునకు చేర్చును. ఇంత తిరిగి వచ్చినను మాట తన పుట్టినింటికే చేరినది. చేర్చువాడే నక్కాల్. పరభాషాకవి గొంతును తన వారి చెవికి మోసికొనివచ్చు అనువాదకుని ఎవరైన ఆ పేరుతో పిలిచినచో, వాడు నొచ్చుకొననక్కఱలేదు. ముఖపత్రముపై మూలకర్త పేరు ముందుంచి, తన పేరు దిగువ వ్రాసికొన్న చాలును.