స్కేటు లోపలి అట్ట

పోయిన సెమిస్టర్ అంతా మా హాస్టల్ బీరువా కింది అరలో ఒక జత ఐస్ హాకీ స్కేట్లు ఉన్నాయి. విజయవాడలో, సెప్టెంబర్ ఉక్కపోతలో. మా ఫ్లోర్‌లో కొత్తగా చేరిన జూనియర్లు వాటిని చూడ్డానికే మా రూముకి వచ్చేవాళ్ళు. ఒకమ్మాయి బ్లేడు మీద వేలు ఆనించి "అక్కా, దీంతో కూరగాయలు తరగొచ్చా?" అనడిగింది. స్కేట్లు నా రూమ్మేట్‌వి. తనది లేహ్. పేరు రాయొద్దంది కాబట్టి మా ఫ్లోర్ అంతా పిలిచినట్టే ఇక్కడ కూడా 'లద్దాఖ్' అనే అంటాను.

నేను రాయబోయేది ఆ స్కేట్ల లోపల పాదం కింద ఉండే అట్ట గురించి. ఇన్‌సోల్ అంటారు. లిటరరీ క్లబ్‌కి ఇదేం టాపిక్ అని మా ఎడిటర్ అడిగాడు. ముందు చదవమన్నాను.

అంతకుముందు చలికాలం లద్దాఖ్ ఆడింది చాలా తక్కువ. ఐస్ మీదకి దిగిన పది నిమిషాలకే అరికాలు లోపలివైపు పట్టేసేదట. బయటికొచ్చి, బూటు విప్పి, కాలు పిసుక్కుని, మళ్ళీ కట్టుకుని దిగేసరికి సగం ప్రాక్టీస్ అయిపోయేది. నీ చీలమండలు లోపలికి వాలిపోతున్నాయి, బలం లేదు, ఎక్సర్‌సైజ్ చెయ్యి అని అక్కడ అందరూ చెప్పారు. తను నిజంగానే చేసింది. రోజూ రాత్రి భోజనం అయ్యాక మా హాస్టల్ మెట్ల అంచు మీద మునివేళ్ళతో నిలబడి పైకీ కిందకీ లేచేది. అయినా ఒక రాత్రి లైట్ ఆర్పేశాక హిందీలో మెల్లగా అంది, "నా కాళ్ళు హాకీకి పనికొచ్చేవి కావేమో." జనవరి సెలవుల్లో సెలక్షన్ ఉంది. ఈసారి పోతే వచ్చే ఏడాది ఇంటర్న్‌షిప్, ఆ పై ఏడాది ప్లేస్‌మెంట్స్. ఇంక ఐస్ మీదకి వెళ్ళేదెప్పుడు?

(చీలమండ అనే మాట నాకూ అప్పటిదాకా రాదు. 'యాంకిల్' అనే తెలుసు. అమ్మమ్మకి ఫోన్ చేసి అడిగితే, "ఎందుకే, కాలు బెణికిందా?" అని కంగారుపడింది. మడమ, మునివేళ్ళు, ఆనెకాయ... ఆ పూట ఒక్క పాదానికే పది మాటలు నేర్చుకున్నాను.)

లద్దాఖ్‌లో హాకీ ఎలా ఉంటుందో తను చెప్తుంటే విన్నాను. లేహ్ దాదాపు 3,500 మీటర్ల ఎత్తులో ఉంటుంది. చలికాలం చెరువులు గడ్డకడితే అవే గ్రౌండ్లు. వాళ్ళ నాన్నగారి తరంలో కొందరు పాత మిలిటరీ బూట్లకి అడుగున ఇనప బ్లేడ్లు బిగించుకుని ఆడేవాళ్ళట. భారత మహిళల జట్టులో ఎక్కువమంది లద్దాఖ్ అమ్మాయిలే. 2017లో బ్యాంకాక్‌లో ఫిలిప్పీన్స్‌ని 4–3 తేడాతో ఓడించడం ఆ జట్టుకి మొదటి అంతర్జాతీయ గెలుపు. 2025లో యూఏఈలోని అల్ ఐన్‌లో కాంస్యం తెచ్చారు. ఆ మ్యాచ్‌ల క్లిప్పింగులు తన ఫోన్‌లో ఎన్నిసార్లు చూసిందో లెక్కలేదు.

స్కేట్లు మాత్రం చాలామందికి విదేశాల నుంచి విరాళంగా వచ్చిన పాతవే. కెనడాకి నాలుగు ఒలింపిక్ స్వర్ణాలు గెలిచిన హేలీ వికెన్‌హైజర్ 2018లో లద్దాఖ్ వచ్చి అమ్మాయిలకి ఆట నేర్పింది, సామాను కూడా తెచ్చింది. మావాళ్ళ స్కేట్లు అలాంటి ఇంకేదో పెట్టెలో వచ్చినవి. సైజు సరిపోయింది, బ్లేడు బాగుంది, బూటు గట్టిగా ఉంది. ఇంకేం చూడాలో ఎవరికి తడుతుంది?

ఒక ఆదివారం ఊరికే లోపలి అట్ట బయటికి లాగాం. నల్లటి పల్చటి ఫోమ్. దాని మీద ఒక పాదం అచ్చు స్పష్టంగా ఉంది, మడమ గుంట, అయిదు వేళ్ళ గుంటలు. లద్దాఖ్ దాని మీద కాలు పెట్టింది. బొటనవేలి గుంట ఒక చోట, తన బొటనవేలు ఇంకోచోట. మధ్యలో ఫోమ్ పూర్తిగా అణిగిపోయి కాగితంలా ఉంది.

దాన్ని పట్టుకుని కాలేజీ గేటు బయట చెప్పులు కుట్టే బాబాయ్ దగ్గరకి వెళ్ళాం. ఆయన స్కేటు ఎప్పుడూ చూడలేదు. ముందు బ్లేడుని తిప్పి తిప్పి చూసి, తర్వాత అట్ట తీసుకుని వెలుతురుకేసి పట్టుకున్నాడు.

"ఇది ఈ పాపది కాదుగా?"

"కాదు బాబాయ్. ఎవరిదో పాతది."

"ఆ మనిషి బరువు బయటి అంచు మీద వేసేవాడమ్మా. చూడు, ఇటు అరిగింది. ఈ పాప చెప్పులు చూపించు."

లద్దాఖ్ చెప్పు విప్పి ఇచ్చింది. లోపలి అంచు అరిగిపోయి ఉంది.

"చూశావా. ఆయనది అటు, ఈమెది ఇటు. ఒకళ్ళ గుంటలో ఇంకొకళ్ళు నిలబడితే కాలు నెప్పెట్టదా?"

తనకి అర్థమయ్యేలా నేను హిందీలోకి మార్చి చెప్పాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు తను.

ఆ తర్వాత నేను చదివింది, మా ఫ్రెండ్ వాళ్ళ ఫిజియోథెరపీ అక్కని అడిగి తెలుసుకుంది కలిపి చెప్తాను. పాదంలో 26 ఎముకలుంటాయి. అవి కమాన్‌లా వంపు తిరిగి, బరువు పడగానే కాస్త అణిగి, బరువు తీయగానే లేస్తాయి. కొందరి పాదాల్లో ఆ వంపు మరీ ఎక్కువ అణిగిపోతుంది. అప్పుడు మడమ లోపలికి ఒరుగుతుంది, దాని వెనకే చీలమండ. మామూలు బూట్లలో ఇది పెద్దగా తెలియదు, ఎందుకంటే కింద వెడల్పాటి సోల్ ఉంది. స్కేటులో కింద ఉన్నది సుమారు 3 మిల్లీమీటర్ల మందం బ్లేడు, అంతే. మడమ కొంచెం ఒరిగితే చాలు, బ్లేడు లోపలి అంచు మీదకి వాలిపోతుంది. దాన్ని నిటారుగా నిలబెట్టడానికి అరికాలి కండరాలు, పిక్కలు క్షణం ఆగకుండా పని చేస్తాయి. పది నిమిషాలకి పట్టేయక ఏం చేస్తాయి?

బూటు గట్టిగా ఉంది కదా, అదే పట్టుకుంటుంది కదా అని నేనూ అడిగాను. బూటు పక్కల నుంచి పట్టుకుంటుంది. పాదం వంపు కింద మాత్రం ఖాళీ. ఆ ఖాళీలోకి పాదం దిగుతూనే ఉంటుంది. చాలామంది దానికి విరుగుడుగా లేసులు ఇంకా బిగిస్తారు. అప్పుడు పాదం పైభాగం నొక్కుకుపోయి తిమ్మిరెక్కుతుంది. లద్దాఖ్ కూడా అదే చేసేది. మన బ్రాంచి భాషలో చెప్పాలంటే, హార్డ్‌వేర్ పాడైందని అందరూ తేల్చేసిన చోట డ్రైవర్ ఒక్కసారి మార్చి చూసినవాళ్ళు లేరు.

మార్చాలంటే ఏది కొనాలి? ఆన్‌లైన్‌లో 'ఇన్‌సోల్' అని కొడితే ముందు వచ్చేవి జెల్‌వి, మెమరీ ఫోమ్‌వి, మూడొందలకి రెండు జతలు. పక్క రూమమ్మాయి దగ్గర అలాంటిది ఒక జత ఉంటే లద్దాఖ్ స్కేటులో వేసుకుని, బ్లేడుకి గార్డు తొడిగి, చాప మీద నిలబడి చూసింది. వేలితో నొక్కితే హాయిగా ఉంది. నిలబడితే పాదం ఇంకా దిగిపోయింది. పైగా మందంగా ఉండటం వల్ల మడమ పైకి లేచి, బూటు వెనక ఉండే గుంటలో సరిగ్గా కూర్చోలేదు. మెత్తదనం నడిచి నడిచి అలసిన కాలికి బాగుంటుందేమో. స్కేటులో కావలసింది పట్టు. మడమ కింద, వంపు కింద గట్టి ప్లాస్టిక్కో కార్బనో ఉండాలి, మడమ చుట్టూ లోతైన గిన్నెలాంటి అంచు ఉండాలి, మొత్తం మీద పల్చగా ఉండాలి. ఈ మూడూ ఉన్నాక పైన బట్ట ఏ రంగైనా ఒకటే.

తర్వాత తన పాదం ఎలాంటిదో తెలియాలి. దీనికి పైసా ఖర్చు లేదు. కాలు తడిపి, పొడి సిమెంటు నేల మీద నిలబడి, పక్కకి జరగడమే. కృష్ణాష్టమికి మా అమ్మ బియ్యప్పిండితో వేసే చిన్ని పాదాలు గుర్తున్నాయా, పిడికిలి పక్కభాగంతో అద్దితే నడుం దగ్గర సన్నగా వస్తాయి? వంపు ఉన్న పాదం తడి ముద్ర అలా ఉంటుంది. లద్దాఖ్ ముద్ర ఇటుకలా పడింది. తర్వాత మునివేళ్ళ మీద నిలబడమన్నాను. నిలబడగానే వంపు చక్కగా కనిపించింది. అంటే పాదం బిగుసుకుపోయిన చదును కాదు, బరువుకి అణిగే చదును. ఇలాంటి పాదానికి కింద ఆసరా ఇస్తే తీసుకుంటుంది అంది ఫిజియో అక్క. ఇంకో మాట కూడా అంది: చదునుగా ఉంది కదా అని ఎత్తు వంపున్న అట్ట వేస్తే రాయి మీద నిలబడ్డట్టుంటుంది, ఉన్న పాదానికి తగ్గట్టు వెయ్యాలి. కాలు మొద్దుబారడం ఆగకపోతే అట్టలు మారుస్తూ కూర్చోకుండా డాక్టర్‌కి చూపించాలని కూడా.

మా పెద్దమ్మ కూతురు మిన్నియాపాలిస్‌లో ఎమ్మెస్ చేస్తోంది. అక్కడ హాకీ అంటే మనకి క్రికెట్ లాగ. "అక్కా, ఒక హాకీ షాపుకి వెళ్ళాలి" అంటే, "నువ్వు అమెరికా నుంచి చాక్లెట్లు అడగవేంటే?" అని నవ్వింది. కానీ వెళ్ళింది, వీడియో కాల్ పెట్టింది. షాపతను మొదట అడిగింది స్కేటు సైజు, పాదం పొడవు. హాకీ స్కేటు సైజు మామూలు బూటు సైజు కన్నా ఒకటి, ఒకటిన్నర తక్కువ ఉంటుంది కాబట్టి ఇక్కడ చెప్పుల సైజు చెప్తే పని కాదు. తర్వాత అడిగింది, బూటులో పైన జాగా ఎంతుంది, సాక్స్ ఎంత మందం అని. లద్దాఖ్ చలికి వాళ్ళమ్మ అల్లిన ఉన్ని సాక్స్ వేసుకుంటుంది. అతను తల అడ్డంగా ఊపాడు. బూటులో ఉండే జాగా కొంచెమే, దాన్ని అట్టకి ఇస్తారా, ఉన్నికి ఇస్తారా తేల్చుకోమన్నాడు. (ఉన్ని సాక్స్ బెంచి మీద కూర్చునేటప్పుడు వేసుకుంటానని లద్దాఖ్ రాజీకొచ్చింది. వాళ్ళమ్మకి ఇంకా చెప్పలేదు.)

మూడు రకాలు చూపించాడు. బాయర్ వాళ్ళ స్పీడ్ ప్లేట్, వేడిచేసి పాదం అచ్చుకి తగ్గట్టు మలిచేది. మనిషి అక్కడ ఉండాలి, కాబట్టి అది పోయింది. సీసీఎం వాళ్ళవి వంపు ఎత్తుని బట్టి తక్కువ, మధ్యస్థం, ఎక్కువ అని మూడుగా వస్తాయి. సూపర్‌ఫీట్ వాళ్ళవి స్కేట్ల కోసమే చేసినవి, మడమ గిన్నె బాగా లోతు. ధరలు 50, 60 డాలర్ల దగ్గర. మా ఇద్దరికీ అది రెండు నెలల క్యాంటీన్ డబ్బు. ఇది వేసుకుంటే స్పీడు పెరుగుతుందని కొన్ని ప్యాకెట్ల మీద రాసి ఉంది, ఆ మాట నేను నమ్మలేదు. తడి ముద్ర ఫోటో చూపిస్తే అతనూ ఫిజియో అక్క మాటే చెప్పాడు. తక్కువ వంపుదే తీసుకున్నాం. అక్క ఫ్రెండ్ వాళ్ళ అమ్మానాన్నలు ఇండియా వస్తుంటే వాళ్ళ సూట్‌కేసులో వచ్చింది. ఆవకాయ అటు వెళ్ళే దారిలో ఇన్‌సోల్ ఇటు రావడం మా ఇంట్లో ఇదే మొదటిసారి.

కత్తిరించడానికి మళ్ళీ బాబాయే. కొత్తదాని మీద పాతది పెట్టి, మడమలు రెండూ కలిపి, ముందుభాగం గీత గీశాడు. మడమ వైపు కత్తి పెట్టకూడదని మేం చెప్పకముందే ఆయనకి తెలుసు. గీత మీద కొయ్యకుండా గోరంత బయటికి కోశాడు. "ఎక్కువైతే మళ్ళీ కోద్దాం. తక్కువైతే అతికించలేం" అన్నాడు. మూడుసార్లు వేసి తీసి చూశాక అంచు ముడత లేకుండా కూర్చుంది. లద్దాఖ్ అక్కడే ఆయన స్టూలు మీద కూర్చుని స్కేటు కట్టుకుని లేచింది. నిటారుగా నిలబడితే వేళ్ళు ముందు తగిలీ తగలనట్టున్నాయి, మోకాళ్ళు వంచితే వెనక్కి జరిగాయి, మడమ లేవలేదు. అలాగే ఉండాలట. ఆటోలు ఆపి మరీ చూశారు జనం. డబ్బు ఎంతంటే బాబాయ్ ఇరవై తీసుకున్నాడు.

డిసెంబర్ చివర్లో తను వెళ్ళిపోయింది. సంక్రాంతికి నేను ఇంట్లో ఉండగా ఫోన్ చేసింది. మొదటి రోజు కొత్త అట్ట కొత్తగానే అనిపించిందట, పాదం కింద ఎవరో చెయ్యి పెట్టినట్టు. నాలుగో రోజుకి మర్చిపోయింది. పది నిమిషాలకి పట్టేయడం పోయింది. ముప్పావు గంటకి పిక్కలు లాగుతున్నాయి, కానీ అది అందరికీ లాగుతుందట. పాదం ఒకట్రెండు మిల్లీమీటర్లు పైకి రావడంతో లేసు పైన ఒకచోట నొక్కుతోంది, అక్కడ ఒక రంధ్రం వదిలేసి కట్టుకుంటోంది. ఆట అయిన ప్రతిసారీ అట్టలు బయటికి తీసి పొయ్యికి కాస్త దూరంలో ఆరబెడుతోంది. తడిగా వదిలేస్తే పొద్దున్నకి గడ్డకట్టి చెక్కల్లా అయిపోతాయి.

సెలక్షన్ లిస్టులో రిజర్వ్ అని వచ్చింది. నాకు బాధేసింది, తనకి అంత అనిపించినట్టు లేదు. "పోయినసారి లిస్టుకి ముందే ఇంటికెళ్ళిపోయాను కదా" అంది. తర్వాత గొంతు మార్చి, "మోకాలి ప్యాడ్ పట్టీ తెగింది. బాబాయ్ వెల్క్రో కుడతాడేమో అడిగి పెట్టవా?" అంది.