దారి చెప్పినవాడు

మన పల్లెలలో విమానదళమున పనిచేసిన ప్రతివాడును పైలట్టే. ఇంజను తుడిచినవాడైనను, సామానుకొట్టున బస్తాల లెక్క వ్రాసినవాడైనను, నీలిరంగు ఉడుపులతో సెలవునకు వచ్చి రచ్చబండ దగ్గర నిలిచెనా, వానికి ఆ బిరుదు తప్పదు. నల్లకోటు తొడిగిన ప్రతివాడును ప్లీడరుగారైనట్లే. ట్రినిడాడు ద్వీపమున పుట్టి, రెండవ ప్రపంచయుద్ధమున శత్రుభూమిపైకి 80 సారులు ఎగిరి, పిమ్మట బారిస్టరై, ఆఫ్రికాఖండమున మూడు దేశములలో న్యాయశాఖను సేవించి, స్వదేశమున న్యాయమూర్తియై, 96 ఏండ్లు బ్రదికిన యూల్రిక్ క్రాసును గూర్చియు లోకమీ పొరపాటే చేయుచుండును. ఆయనను పైలట్టందురు. ఆయన నావిగేటరు, విమానమును నడపినవాడు కాడు, నడపువానికి దారి చెప్పినవాడు. ఈ భేదము నాకు చిన్నదిగ తోచదు.

బాల్యమున రాజమహేంద్రవరము రేవునుండి లాంచీపై గోదావరికి ఎగువగ పోవునప్పుడు ప్రయాణికులందరి చూపులును చక్రము పట్టిన సరంగుమీదనే యుండెడివి. నా కన్నులు మాత్రము ముందుకొనను కూర్చుండి, పొడవైన వెదురుగడను నీటిలో దించుచు తీయుచు, లోతెంతయో కేకవేసి చెప్పుచుండిన బక్కపలుచని మనిషిమీద నిలిచెడివి. ఇసుకమేటలు ఏటేట చోటు మార్చుకొను ఆ నదిలో వాని కేక ఒక్క క్షణమాగినచో సరంగు చక్రమును బిగించి పట్టుకొని మెడ చాచి చూచెడివాడు. రేవు చేరిన పిమ్మట అందరును సరంగుకే దండము పెట్టి దిగిపోయెడివారు. క్రాసు జీవితకథ చదివినప్పుడెల్ల నాకా గడమనిషియే కన్నులకు కట్టును.

క్రాసు 1917వ సంవత్సరము మే 1వ తేదీన పోర్ట్ ఆఫ్ స్పెయిన్ నగరమున జన్మించెను. తొమ్మండ్రు సంతానములో రెండవవాడు. చెరకుతోటల కూలికై మద్రాసు రేవున ఓడలెక్కినవారిలో మన తెలుగువారును కొందరు పోయి చేరిన దీవి యది. పదునొకండవ యేట ప్రభుత్వ పరీక్షలో ద్వీపమంతటికిని ప్రథముడై, సెయింట్ మేరీస్ కళాశాలలో చేరెను. పదుమూడవ యేట తల్లి గతించెను. తల్లిలేని యింట పిల్లవాని చదువేమగునో మనకొకరు చెప్పనక్కరలేదు. ప్రథముడైన బాలుడు వెనుకబడెను, బడి విడిచెను, ఒక పత్రికాలయమున ప్రతులు దిద్దెను, ఒక సొలిసిటరు వద్ద నాలుగేండ్లు గుమాస్తాగిరి చేసెను, ఆ పైని రైల్వేలో కుదిరెను. ఆయన కథ చెప్పువారు ఈ నాలుగేండ్లను ఒక్క వాక్యమున దాటివేయుదురు. వారికి విమానమెక్కు తొందర. నాకు మాత్రమచ్చట కొంతసేపు నిలువవలెననిపించును. అర్జీలు సాపువ్రాయుట, వాయిదాలు గుర్తుంచుకొనుట, ముద్రకాగితములు కుట్టిపెట్టుట, అరుగుపై కూర్చున్న కక్షిదారుడు చెప్పినదే మరల చెప్పుచుండగా విసుగుకొనక వినుట - ఇవి ఏ న్యాయకళాశాలయును నేర్పునవి కావు, గుమాస్తా బల్లమీదనే పట్టుబడవలెను.

1941లో అతడు బ్రిటిష్ వైమానికదళమున చేరెను. అంతకు రెండేండ్ల క్రితమువరకు అచ్చమైన ఐరోపా సంతతివారికి దక్క ఆ దళమున అధికారిపదవి లేదు. యుద్ధము మెడమీదికి వచ్చిన పిమ్మట, 1939 అక్టోబరులో, యుద్ధకాలమునకు మాత్రమని చెప్పి ఆ కట్టుబాటును సడలించిరి. ఇల్లంటుకొన్నప్పుడు చేద పట్టిన చేతి కులమెవ్వరడుగుదురు? మంటలారిన పిమ్మట బావిగట్టున ఏమగునో వేరు సంగతి. ఫాసిజమును ఎదిరింపవలెనను తలంపును, యౌవనమునకు సహజమైన సాహసేచ్ఛయు తన్ను లాగినవని క్రాసు వార్ధక్యమున చెప్పుకొనెను. ఏలువానిమీది ప్రేమచేత పోయినవాడు కాడని దీనివలన నాకు బోధపడును.

అతడు చేరిన దళము 139వ స్క్వాడ్రను. విమానములు కొనుటకై జమైకా ప్రజలు చందాలెత్తి పంపిన ధనమునకు కృతజ్ఞతగ దానికి జమైకా స్క్వాడ్రనని పేరిడిరి. వారెక్కినది మస్కిటో యను విమానము. ఇనుముకును అల్యూమినియమునకును కరవు వచ్చిన కాలమున దానిని కొయ్యతో చేసిరి: బిర్చి పలకల నడుమ దూదివలె తేలికైన బాల్సా చెక్క నిడి, జిగురుతో అతికి, కుర్చీలు బల్లలు చేసికొని బ్రదుకు వడ్రంగులచేత భాగములు చెక్కించిరి. బాంబులు వేయు మస్కిటోకు తుపాకులు లేవు. వేగమే దానికి కవచము. లోపల ఇద్దరే మనుష్యులు. ఎడమవైపున పైలట్టు, కుడివైపున, భుజము భుజము రాయునట్లు, ఇంచుక వెనుకగ నావిగేటరు. క్రాసునకు ఎడమవైపున చిరకాలము కూర్చున్నవాడు రాయ్ క్రాంప్టను.

ఆ కుడివైపు ఆసనమును కొంచెము దగ్గరనుండి చూడవలెను. మోకాళ్లమీద పలక, పలకమీద పటము, మసక దీపము, కొలబద్ద, పెన్సిలు. చేతి తొడుగులతో పెన్సిలు పట్టుబడదు. తొడుగు తీసినచో ఆ యెత్తున వ్రేళ్లు కొయ్యబారును. గాలి విమానమును ప్రక్కకు నెట్టుచుండును. ఎంత నెట్టుచున్నదో కంటికి కనబడదు, లెక్క గట్టవలెను. 60 మైళ్ల పయనమున దిశ ఒక్క డిగ్రీ తప్పినచో మైలు దూరము తప్పునని నావిగేటర్లకొక యెక్కము కలదు. వారి స్థావరమునుండి బెర్లినునకు 550 మైళ్లు. ఒక్క డిగ్రీని ఏమరినవాడు తొమ్మిది మైళ్ల ఆవల, ఏ పొలములపైననో తేలును. అదియును ఒంటరి పయనమైనచో తనతోనే పోవును. క్రాసుది మార్గదర్శుల దళము. ముందుగ పోయి చీకటిలో రంగురంగుల వెలుగులు జారవిడిచి గురుతు చూపుట వారి పని. వెనుక వచ్చు విమానములెల్ల ఆ వెలుగులను నమ్మియే బాంబులు విడుచును. గురి దగ్గరపడినప్పుడు నావిగేటరు పటము మూసి, విమానపు ముక్కులోనికి పాకి, బోర్లపడి గురిచూడవలెను. దారి చెప్పిన చేయియే మీట నొక్కవలెను.

పట్టపగలు 50 అడుగుల యెత్తున, చెట్లకొనలు తగులునట్లు, సముద్రముమీదుగ పోయి వచ్చిన దాడులు కొన్ని. బెర్లినుపైకి పోయినవి ఇరువదికి మించినవి. ఒకసారి ఒక ఇంజను చెడి, ఎత్తు కోల్పోవుచు, ఇంగ్లండు చేరి, పాడువడిన రాతిగనిలో దభాలున దిగి బ్రదికిరి. విశ్రాంతి తీసికొమ్మని పైవారు చెప్పినను వినక 80 యాత్రలు పూర్తిచేసెను. బాంబరుదళమున ఎగిరిన ఒక లక్షా ఇరువదియైదు వేలమందిలో 55,573 మంది మరణించిరి. ఈ లెక్క ముందు పెట్టుకొని చూచినప్పుడు 80 అను అంకె పరాక్రమముకంటె వింతగ కనబడును. రెండు పెద్ద పతకములిచ్చిరి, స్క్వాడ్రన్ లీడరును చేసిరి.

ఇచ్చట నా కలము కొంత తడబడును. 1942 ఏప్రిల్ 6వ తేదీన జపాను విమానములు విశాఖపట్టణముపై బాంబులు వేసినప్పుడు మా అమ్మమ్మ చంకన బిడ్డతో, నెత్తిన మూటతో ఊరు విడిచి నడిచిపోయినదట. ఆమె కథలో విమానములకు పైలట్టులు లేరు, నావిగేటర్లును లేరు. మోత యొకటే కలదు. హిట్లరు చేతినుండి లోకమును తప్పింపవలసినదే. కాని బెర్లినులోను మూటలు నెత్తికెత్తుకొన్న అమ్మమ్మలు ఉండిరి. తాను చేసినపనికి క్రాసు ఎన్నడును సిగ్గుపడలేదు, గొప్పలును చెప్పుకొనలేదు. ఆయన పక్షమున వాదించుటకు నేను ప్లీడరును కాను, తీర్పు చెప్పుటకు జడ్జిని అంతకన్నను కాను. అమ్మమ్మ నడిచిన దారిని మాత్రము మరువలేను.

యుద్ధానంతరమున ఆయన లండనులో మిడిల్ టెంపులున చదివి 1949లో బారిస్టరయ్యెను. ట్రినిడాడు తిరిగివచ్చి, ఎగుమతి దిగుమతుల కచ్చేరిలో న్యాయసలహాదారుగ కొన్నేండ్లు గడపెను. బెర్లినుదాక దారి చూపినవానికి సుంకముల కాగితములు! తిరిగి లండను చేరి బి.బి.సి.లో కార్యక్రమములు తయారుచేసెను. 1957 మార్చిలో ఘానా స్వతంత్రమయ్యెను. ట్రినిడాడువాడే యగు జార్జి పాడ్మోరు అచ్చట ఆ దేశనాయకుడగు ఎన్‌క్రూమాకు సలహాదారుగ నుండెను. క్రాసును ఆ గాలికే ఎత్తబడి ఘానా చేరి ప్రభుత్వ న్యాయవాదియయ్యెను.

1960లో కామెరూను పోయెను. అది నాకు మిక్కిలి యిష్టమైన ఘట్టము. మరుసటి యేడు ఇంగ్లీషువారు ఏలినదానిలో ఒక ముక్కయు, ఫ్రెంచివారు ఏలిన ముక్కయు కలిసి ఒక దేశమయ్యెను. పడమటి భాగమున ఇంగ్లీషు చట్టము, తూర్పు భాగమున ఫ్రెంచి చట్టము. ఆ పడమటి భాగమునకు అటార్నీ జనరలు క్రాసు. మన వకీళ్లకు దీని కష్టము చెప్పకయే తెలియును; 1956 తరువాత ఆంధ్ర ఏరియా చట్టమని యొకటి, తెలంగాణ ఏరియా చట్టమని యొకటి ప్రక్కప్రక్కన పెట్టుకొని, నిజాము కాలపు ఉర్దూ దస్తావేజులను తర్జుమా చేయించుకొనుచు ఎందరు ప్లీడర్లు నెరిసిపోయిరో! ఒకే ప్రభుత్వము కింద, ఏ యేటికి అవతల ఏ ధర్మమో తెలిసి నడువవలసిన పని. ఆరేండ్లు ఆ పని చేసి, 1967లో టాంజానియాలో ఉన్నత న్యాయస్థానమున న్యాయమూర్తిగ కూర్చుండెను. 1971లో స్వదేశము చేరి అచ్చటను ఉన్నత న్యాయస్థానమున, 1979నుండి అప్పీలు కోర్టున తీర్పులు చెప్పెను.

ఇట్టివాడు ఆయన యొక్కడే కాడు. సియెరా లియోనుకు చెందిన జానీ స్మైత్, జర్మనీలో విమానము కూలి బందీయై, యుద్ధము ముగిసిన పిమ్మట సైనిక న్యాయస్థానములలో నల్లజాతి సైనికుల పక్షమున వాదించి, ఆ రుచి మరిగి బారిస్టరై, తన దేశమునకు అటార్నీ జనరలయ్యెను. బార్బడోసువాడగు ఎరల్ బారో బారిస్టరై, 1966లో తన దేశమునకు తొలి ప్రధానమంత్రి యయ్యెను. విచిత్రమేమనగా వీరిద్దరును నావిగేటర్లే. దీనికి నాకు తోచినదొకటి కలదు; ఎవ్వరును నమ్మనక్కరలేదు. చీకటిలో నావిగేటరు తానిచ్చట నున్నానని ఎన్నడును నిశ్చయముగ చెప్పడు. లెక్క ప్రకారమిచ్చట నుండవలెనని మాత్రమే పటముపై చుక్కపెట్టి, సాక్ష్యమునకై ఎదురుచూచును. ఒక నక్షత్రమో, వెన్నెలలో మెరసిన యేటి మలుపో దొరకినప్పుడు తన చుక్కను తానే చెరిపి వేరొకచోట పెట్టుకొనును. పెన్సిలు చివర రబ్బరు లేని నావిగేటరు ఇల్లు చేరడు. కోర్టుపీఠముమీద కూర్చున్నవారిలో ఈ రబ్బరు దగ్గరుంచుకొన్నవారిని నేను మిక్కిలి తక్కువగ చూచితిని.

1990లో క్రాసును లండనునకే హైకమిషనరుగ పంపిరి; మూడేండ్లకు తిరిగివచ్చి, మిత్రులతో కలిసి, బూరుగుచెట్టు పేరుపెట్టుకొన్న ఒక సంస్థను నెలకొల్పి పేదవాడలలో పనిచేయించెను. 2013 అక్టోబరు 4వ తేదీన కన్నుమూసెను. అంతకు రెండేండ్ల క్రితము, ఆయనకు 94 ఏండ్ల వయసున, ట్రినిడాడున పియార్కోలోని వైమానిక స్థావరమునకు యూల్రిక్ క్రాస్ ఎయిర్ స్టేషనని పేరిడిరి. ఒక్కనాడును విమానపు కాడి పట్టనివాని పేరు ఒక విమానస్థావరపు తలుపుమీద నిలిచినది. అచ్చటనుండి లేచు విమానములు ఊళ్లపైకి పోవు. తీరము వెంబడి సముద్రముమీద తిరిగి, కాపు కాచి, సంజవేళకు మరలి వచ్చును.