మూడింటి నుంచి ఆరింటి దాకా

బే ఏరియా ఆఫీసుల్లో మధ్యాహ్నం రెండున్నరా మూడూ మధ్య మీటింగ్ పెట్టి చూడండి. పిల్లలున్న వాళ్ళంతా బల్ల కింద ఫోన్లు చూసుకుంటూ ఉంటారు. స్కూళ్ళు వదిలే టైమది. ప్రైమరీ పిల్లలైతే డేకేర్ వ్యానెక్కి వెళ్ళిపోతారు. హైస్కూలు వాళ్ళ సంగతి వాళ్ళే చూసుకుంటారు. ఎటూ కాకుండా మిగిలేది మిడిల్ స్కూలు, అంటే ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల వాళ్ళు. డేకేర్‌కి పెద్దోళ్ళు, ఇంట్లో ఒంటరిగా వదలడానికి చిన్నోళ్ళు.

మనవాళ్ళు దీనికి డబ్బుతో పరిష్కారం కనిపెట్టేశారు. సోమవారం కుమాన్, మంగళవారం రోబోటిక్స్, బుధవారం కూచిపూడి, గురువారం చెస్. తప్పేం లేదు, కొనుక్కోగలిగినవాళ్ళు కొనుక్కుంటారు. కానీ అదే క్లాసులో పక్కన కూర్చునే పిల్లాడి అమ్మ రెండు చోట్ల పని చేసి రాత్రి ఎనిమిదింటికి ఇల్లు చేరుతుంది. వాడికి దిక్కు స్కూల్లోనే సాయంత్రం ఆరింటి దాకా నడిచే ఉచిత ఆఫ్టర్ స్కూల్ ప్రోగ్రాం. అమెరికాలో స్కూలున్న రోజుల్లో పిల్లలు చేసే హింసాత్మక నేరాలు ఎక్కువగా జరిగేది రాత్రిళ్ళు కాదు, స్కూలు వదిలిన వెంటనే, మూడు గంటల ప్రాంతంలో. అందుకని ఈ మూడు గంటలూ వట్టి కాలక్షేపం అనుకోకండి.

ఆ ప్రోగ్రాం నడిచేది గ్రాంటు మీద. నేను రెండేళ్ళుగా వారానికో రోజు ఒక మిడిల్ స్కూల్లో పిల్లలకి ప్రోగ్రామింగ్ చెప్పడానికి వెళ్తున్నాను కాబట్టి, ఈ గ్రాంటు డబ్బు ఎలా వస్తుందో, ఎలా పోతుందో కాస్త దగ్గర్నుంచి చూసే అవకాశం దొరికింది. చూశాక నాకు అర్థమైన ముక్క ఒక్కటే: డబ్బు పిల్లల తలలు లెక్కపెట్టి ఇస్తున్నారు, కానీ ఆ పిల్లల్ని రప్పించే మనిషిని నిలబెట్టుకోవడానికి ఇవ్వట్లేదు.

ముందు కాస్త చరిత్ర. ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చే ప్రధానమైన గ్రాంటు పేరు ట్వంటీఫస్ట్ సెంచురీ కమ్యూనిటీ లెర్నింగ్ సెంటర్స్. 1998లో 4 కోట్ల డాలర్లతో మొదలై, 2002 నాటికి 100 కోట్లకి చేరింది. ఆ ఏడాది నుంచే పంపిణీ రాష్ట్రాల చేతికి వచ్చింది. కాలిఫోర్నియాకి సొంత గ్రాంటు కూడా ఉంది. 2002 నవంబర్‌లో ఓటర్లు ఆమోదించిన ప్రపొజిషన్ 49 పుణ్యమా అని 2006-07 నుంచి ఏటా 55 కోట్ల డాలర్లు దీనికి కేటాయించారు. దాని వెనక ప్రచారం చేసింది ఎవరనుకుంటున్నారు? మన టెర్మినేటర్ ఆర్నాల్డ్ ష్వార్జ్‌నెగర్, అప్పటికింకా గవర్నర్ కాలేదు.

ఇప్పుడు లెక్క చూద్దాం. రాష్ట్ర గ్రాంటులో 2017 దాకా పిల్లాడికి రోజుకి 7.50 డాలర్లు ఇచ్చేవాళ్ళు. ఇరవై మంది పిల్లలకి కనీసం ఒక మనిషి ఉండాలి. అంటే ఇరవై మందీ వస్తే రోజుకి 150 డాలర్లు. జీతం, తిండి, సామాన్లు, ఆఫీసు ఖర్చు అన్నీ అందులోంచే. పన్నెండు మందే వస్తే 90 డాలర్ల లెక్కే. కానీ ఆ మనిషి మాత్రం ఆరింటి దాకా ఉండాల్సిందే కదా! పన్నెండు మంది వచ్చారని పన్నెండు మందికి సరిపడా సగం మనిషిని పెట్టలేం. పైగా అనుకున్న హాజరులో 85 శాతం వరసగా రెండేళ్ళు రాకపోతే గ్రాంటు తగ్గిస్తారు.

ఆ 7.50 ఎన్నాళ్ళుందో తెలుసా? 2006 నుంచి 2017 దాకా కదల్లేదు. ఈలోగా కాలిఫోర్నియాలో కనీస వేతనం గంటకి 6.75 నుంచి 10.50 డాలర్లకి పెరిగింది. తర్వాత రేటు 8.19కి, 2019లో 8.88కి పెంచారు గానీ, అప్పటికి కనీస వేతనం 12 డాలర్లు. ఎప్పుడూ వెనకాల పరిగెత్తడమే.

ఎలిమెంటరీ పిల్లల దగ్గర ఈ తలల లెక్క ఎలాగోలా నడిచిపోతుంది, ఎందుకంటే వాళ్ళని అమ్మానాన్నలు దింపుతారు, అమ్మానాన్నలే తీసుకెళ్తారు. మిడిల్ స్కూలు పిల్లలు అలా కాదు. నచ్చకపోతే వెనక గేటులోంచి జారుకుంటారు. అది చట్టానికి కూడా తెలుసు. అందుకే వాళ్ళు వారానికి మూడు రోజులు, తొమ్మిది గంటలు వస్తే చాలని రాసుకున్నారు. 2003లో ఫెడరల్ ప్రోగ్రాం మీద మ్యాథమాటికా సంస్థ ఇచ్చిన రిపోర్టులో మిడిల్ స్కూలు పిల్లల సగటు హాజరు ఏడాది మొత్తానికీ 32 రోజులు. చదువులో చెప్పుకోదగ్గ తేడా కూడా పెద్దగా కనపడలేదు. దాన్ని చూపించి బుష్ ప్రభుత్వం ఆ గ్రాంటుని 60 కోట్లకి తగ్గిద్దామంది. కాంగ్రెస్ ఒప్పుకోలేదు, అది వేరే సంగతి.

ఇంతకీ పిల్లలు దేనికోసం ఆగుతారు? నేను చూసినంతవరకూ ప్రోగ్రామింగ్ కోసం కాదు, ఉచిత చిప్స్ ప్యాకెట్ కోసం అసలే కాదు (అది తీసుకుని కూడా వెళ్ళిపోవచ్చు). మనిషి కోసం ఆగుతారు. నేను వెళ్ళే చోట ఒకావిడ ఉండేవారు. ఎవరి ఇంట్లో గొడవ జరుగుతోందో, ఎవడు లెక్కల్లో వెనకబడి ఆ సంగతి దాస్తున్నాడో ఆవిడకి తెలుసు. రోజుకి నాలుగు గంటల పార్ట్ టైం ఉద్యోగం, వేసవిలో జీతం లేదు. ఫుల్ టైం ఉద్యోగం దొరగ్గానే జనవరిలో వెళ్ళిపోయారు. ఎవరు తప్పు పట్టగలరు? ఫిబ్రవరికల్లా మా గదిలో పంతొమ్మిది మంది కాస్తా పదకొండయ్యారు. కాగితం మీద అది "హాజరు తగ్గుదల". తగ్గిన హాజరుకి శిక్ష వచ్చే ఏడాది డబ్బు తక్కువ. డబ్బు తక్కువైతే అలాంటి మనిషి మళ్ళీ దొరకదు. ఎర్రర్ వచ్చిన ప్రతిసారీ సర్వర్‌లోంచి కాస్త మెమరీ పీకేసి, ఎర్రర్లు ఎందుకు పెరుగుతున్నాయని అడిగినట్టుంది.

ప్రజల డబ్బు కదా, లెక్క అడగొద్దా అంటారేమో. అడగాల్సిందే. కానీ ఏం లెక్క అడగాలన్నది ప్రశ్న. డర్లాక్, వైస్‌బర్గ్ అనే ఇద్దరు పరిశోధకులు 2007లో చాలా ప్రోగ్రాంల ఫలితాలన్నీ కలిపి చూశారు. ఒక వరసలో నేర్పే, పిల్లలచేత చేయించే, దానికంటూ సమయం కేటాయించే, ఏం నేర్పుతున్నామో స్పష్టంగా తెలిసిన ప్రోగ్రాంలు ఫలితాలిచ్చాయి. మిగతావి ఇవ్వలేదు. ఈ నాలుగూ చెయ్యాలంటే శిక్షణ ఉన్న మనిషి, నిలకడగా ఉండే మనిషి కావాలి. మళ్ళీ అక్కడికే వచ్చాం.

నిలకడ మాట ఎత్తాం కాబట్టి ఇంకోటి. 2025 జులై 1న రాష్ట్రాలకి అందాల్సిన ఫెడరల్ డబ్బు, ఒక్క ఈ ప్రోగ్రాందే 130 కోట్ల డాలర్ల పైచిలుకు, ముందురోజు ఆపేశారు. జులై 18న మళ్ళీ వదిలారు. మూడు వారాలే కదా అనిపిస్తుంది. కాంట్రాక్ట్ రెన్యువల్ మెయిల్ కోసం ఎదురుచూసినవాళ్ళకి ఆ మూడు వారాలేంటో నేను చెప్పక్కర్లేదు. ఆగస్టులో స్కూలు తెరిచే ముందు మనుషుల్ని పెట్టుకోవాల్సిన టైమది.

కాలిఫోర్నియా 2021లో ఇంకో పెద్ద పథకం పెట్టింది. ఏడాదికి 400 కోట్ల డాలర్ల స్థాయికి చేరింది. సంతోషమే, కానీ అది కిండర్‌గార్టెన్ నుంచి ఆరో తరగతి దాకానే. ఏడు, ఎనిమిది వాళ్ళకి పాత గ్రాంటే గతి. జారుకునే వయసు మొదలయ్యే చోటే డబ్బు ఆగిపోయింది!

నా మటుకు నాకు కావాల్సినవి రెండు. గ్రాంటులో మనుషుల జీతానికి సరిపడా భాగం హాజరుతో సంబంధం లేకుండా ఇవ్వాలి, దాని పైనదే తలల లెక్క ప్రకారం ఇవ్వాలి. ఆ కొత్త డబ్బు ఎనిమిదో తరగతి దాకా పోవాలి.

మనకెందుకు, మన పిల్లలు కుమాన్‌లో ఉన్నారుగా అనకండి. మీ పిల్లాడు, ఆ పిల్లాడు రేపు పొద్దున ఒకే క్లాసులో కూర్చుంటారు. మనలో చాలామందికి ఓటు లేదు నిజమే, కానీ పన్ను కడుతున్నాం. స్కూల్ బోర్డ్ మీటింగ్‌లో మాట్లాడటానికి వీసా ఏంటని ఎవరూ అడగరు. జిల్లా బడ్జెట్లు జూన్ ఆఖరుకల్లా తేలిపోతాయి, కాబట్టి వెళ్ళాల్సింది వసంతంలోనే. వెళ్ళి ఒకే ప్రశ్న అడగండి: "మన మిడిల్ స్కూల్లో సాయంత్రం పిల్లల దగ్గరుండే మనిషి వచ్చే ఏడాది కూడా ఉంటారా?" సమాధానం చెప్పడానికి వాళ్ళు తడుముకుంటే, గ్రాంటు ఎంతొచ్చిందన్నది తర్వాత మాట్లాడొచ్చు.