గ్రేస్ పీరియడ్‌లో వేడినీళ్ల స్నానం

ఉద్యోగం పోయిన పన్నెండో రోజు. హెచ్‌1బీ మీదున్నవాళ్లకి తెలుసు, గ్రేస్ పీరియడ్ మహా అయితే 60 రోజులు. నేను మెయిల్ రిఫ్రెష్ చేస్తూ కూర్చుంటే రూమ్మేట్ కారు తాళాలు తీశాడు. ‘లే రా, సిగ్నల్ లేని చోటికి పోదాం’ అన్నాడు.

ఆస్టిన్ నుంచి దాదాపు ఎనిమిది గంటలు. టెక్సాస్ పడమటి కొసన, ఎడారిలో బిగ్ బెండ్ నేషనల్ పార్క్. విస్తీర్ణం 8 లక్షల ఎకరాలకు పైనే. రియో గ్రాండ్ నది ఇక్కడ పెద్ద మలుపు తిరుగుతుంది, పేరు అందుకే వచ్చింది. మారథాన్ అనే చిన్న ఊళ్లో ట్యాంక్ ఫుల్ చేశాం. ఆ తర్వాత ఫోన్లో సిగ్నల్ గీతలు ఒక్కోటీ మాయం.

పార్కులో ఇరుకైన మట్టిరోడ్డు చివర కారాపి, నది పక్కనే కొండ అంచున నడిచాం. కొండరాళ్ల మీద పాతకాలం ఆదివాసుల బొమ్మలున్నాయి. కాసేపటికి నది ఒడ్డునే రాతితొట్టి, అందులో భూమిలోంచి ఉబికొచ్చే నీళ్లు. వేడి 105 డిగ్రీల ఫారన్‌హీట్, అంటే మనింట్లో తలంటుకి కాచిన నీళ్లంత! బయట డిసెంబరు చలి. దిగగానే భుజాలు వదులయ్యాయి. ఎండాకాలంలో మాత్రం ఇటు రావద్దు, మాడిపోతారు.

ఆ తొట్టికో కథ ఉంది. మలేరియాతో నలిగిపోయిన ల్యాంగ్‌ఫర్డ్ అనే ఆయన 1909లో భార్యాబిడ్డలతో ఇక్కడికొచ్చాడు. 21 రోజులు ఈ నీళ్లలో స్నానం చేసి కోలుకున్నాడట. తర్వాత స్నానశాల కట్టాడు. ఇప్పుడు మిగిలింది దాని పునాదే. దొంగల భయంతో కొన్నేళ్లకే ఊరొదిలి, 1927లో మళ్లీ తిరిగొచ్చాడు.

అవతలి ఒడ్డు మెక్సికో. రాయి విసిరితే పడేంత దూరం. నేను దాటితే నా కథ కంచికే. ఇంతలో అటునుంచి ఓ గుర్రం నింపాదిగా నీళ్లలో దిగి, ఇటొచ్చి గడ్డి మేయసాగింది.

‘దానికి వీసా ఉందంటావా?’ అన్నాడు వాడు. పన్నెండు రోజుల్లో మొదటిసారి నవ్వాను.

తిరుగు ప్రయాణంలో మారథాన్ రాగానే ఫోన్ మోగింది. రెండు రిజెక్షన్ మెయిళ్లు, అమ్మ మిస్డ్ కాల్. ఉద్యోగం పోయిందని ఆవిడకి ఇంకా చెప్పలేదు. మెయిళ్లు పక్కనపెట్టి, ముందు అమ్మకి ఫోన్ చేశా.