చెయ్యి నొప్పి అబద్ధం

మన జహీరాబాద్ హాస్టల్లో పంజా పట్టుడులో నేను ఇంతవరకు ఓడలేదని మీ అందరికీ తెలుసు. ఎట్ల ఓడలేదో ఇప్పుడు రాస్తున్నాను. ఎనిమిదో తరగతిలో కొత్తగా చేరిన తమ్ముడు "పడదామా అన్నా" అని మూడుసార్లు అడిగిండు. చెయ్యి నొస్తుందన్నాను. చెయ్యి బాగానే ఉండె.

అమెరికా బాక్సర్ మేవెదర్ 50 పోటీల్లో ఒక్కటీ ఓడలేదు. అయినా పకియావ్‌తో 2015 దాకా ఎందుకు తలపడలేదని జనం ఇంకా అడుగుతనే ఉన్నారు. మన నిజామాబాద్ నిఖత్ జరీన్ అట్ల కాదు. 2019లో మేరీ కోమ్‌తో పోటీ పెట్టమని తనే అడిగింది. 9-1తో ఓడింది. 2022లో ఇస్తాంబుల్‌లో ప్రపంచ ఛాంపియన్ అయింది, 2023లో ఢిల్లీలో మళ్లీ.

తమ్ముడూ, ఆదివారం టిఫిన్ అయినంక బల్ల దగ్గరికి రా. వార్డెన్ సార్, పావుగంట పర్మిషన్ ఇవ్వండి.