తనంతట మొలచిన మొక్క

మా కుటుంబము నాలుగు తరములుగా బళ్లారిలో నివసించుచున్నది. 1953వ సంవత్సరము అక్టోబరు 1వ తేదీన ఆదవాని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్ర రాష్ట్రమున చేరినవి. బళ్లారి మైసూరు రాష్ట్రమున చేరినది. మా ఇల్లు కదలలేదు, మా బావి కదలలేదు. మేము మాత్రము ఒక్క దినమున అల్పసంఖ్యాకులమైతిమి. అయినను ఈ నేలపై మాకు మమకారము తగ్గలేదు. ఆ నేలలో ఒక చిన్న భాగమును గూర్చియే నేడు వ్రాయుచున్నాను.

నా బాల్యమున వానకాలము కడపట మా నాయనగారు మమ్ము సండూరు కొండలమీది కుమారస్వామి గుడికి తీసికొనిపోవుచుండిరి. దారి పొడవునను కనులకు పచ్చదనమే. ఆ పచ్చదనము క్రింద ఇనుప రాయి ఉన్నదని అందఱకు తెలియును. 2000 తరువాత విదేశములలో ఖనిజమునకు గిరాకి పెరుగగా, లారీలు బారులు తీరినవి. ఎఱ్ఱని ధూళి చెట్ల ఆకులపై, ఆరవేసిన బట్టలపై, తుదకు తినబోవు అన్నముపై కూడ పడినది.

2011 జూలై 29వ తేదీన సుప్రీంకోర్టు బళ్లారి జిల్లాలో ఇనుప ఖనిజపు త్రవ్వకమును నిలిపివేసినది. 2013 ఏప్రిల్ 18నాటి తీర్పుతో, గనులు మరల తెరచుటకు నేలను బాగుచేయు ప్రణాళికను అమలు జరుపుట ఒక షరతైనది. త్రవ్వి పోసిన మట్టిరాళ్ల దిబ్బలను మెట్లుగా చెక్కవలెను. అడుగున రాతిగోడ కట్టవలెను. వాలుపై కొబ్బరినార వలలు పరచి మొక్కలు నాటవలెను. నాటినపిదప అవి ఏమైనవో ఏటేట చూడవలెను.

నేను వృక్షశాస్త్రము బోధించి విశ్రాంతి పొందినవాడను. నా పూర్వ విద్యార్థిని ఒకతె ఈ పరిశీలనలో పనిచేయుచు, "మేష్ట్రే, ఒకసారి మీరును రండి" అని పిలువగా వెళ్లితిని. ఆమె కన్నడ బిడ్డ. నేను కానుగ యన్నదానిని ఆమె హొంగె యనును; నా మోదుగ ఆమెకు ముత్తుగ. మా బందారు మాత్రము ఆమె భాషలోను ఇంచుమించు బందరెయే.

పద్ధతి సరళమైనది. దిబ్బపై పది మీటర్ల చదరమును కొలిచి, నాలుగు మూలల ఇనుప మేకులు పాతుదురు. అందలి చెట్ల పేరు, ఎత్తు, చుట్టుకొలత వ్రాయుదురు. గడ్డికిని చిన్న మొలకలకును లోపల ఒక మీటరు చదరము వేఱుగా ఉండును. మఱుసటి ఏడు అదే ఋతువున, అదే చోట మరల లెక్కింతురు. ప్రక్కన త్రవ్వకము సోకని అడవిలోను ఇట్టి చదరమునే పరీక్షించి రెంటిని పోల్తురు. ఆకాశమునుండి ఉపగ్రహము కూడ చూచుచుండును. పచ్చని ఆకు ఎఱ్ఱని వెలుగును గ్రహించి, కంటికి కానరాని పరారుణ కిరణములను త్రిప్పికొట్టును; ఆ రెంటి తారతమ్యమునుబట్టి పచ్చదనమునకు ఒక అంకె కట్టుదురు.

ఆ చిత్రమున మా దిబ్బ నిండు పచ్చగా కానవచ్చినది. నాకు కనులు చెమర్చినవి. "ఇంకేమి కావలెనమ్మా? బాగుపడినదని వ్రాయుము" అంటిని. ఆమె మాటాడక నన్ను వాలు మీదికి నడిపించినది. ఒక ప్రక్క అంతయు సర్కారు తుమ్మ, లాంటానా పొదలు. వేఱొక ప్రక్క వరుసలు తీరిన మొక్కలలో సగము లేతవి. చచ్చినవానిని పెరికివేసి, లెక్కకు కొన్ని వారములముందు క్రొత్తవి నాటియుండిరి. అక్కడి పర్యవేక్షకుడు అన్నియు బ్రదికినట్లే వ్రాయుమని కోరెను. ఆమె క్రొత్తవానిని వేఱు పట్టీలో చేర్చినది. అంకె చాల తగ్గినది. అతని ముఖము చిన్నబోయినది. నా ముఖమును అట్లే.

పిమ్మట ఆమె ఒక కానుగ నీడలో మోకరించి నన్ను పిలిచినది. అచట బందారు మొలకలు మూడు, వేపమొలక ఒకటి. ఎవ్వరును నాటినవి కావు. బందారు గింజను గాలి తెచ్చియుండును, వేపగింజను పిట్ట తెచ్చియుండును. రాలిన ఆకు కుళ్లి, రాతిపొడి కొంచెము మట్టియైనందున అవి నిలిచినవి. "నాటినది బ్రదికిన మన శ్రమ ఫలించినట్లు, ప్రక్క అడవిలోనిది తనంతట వచ్చి మొలచిన నేల ఫలించినట్లు" అని ఆమె చెప్పినది. తుమ్మయు తనంతట వచ్చినదే కదా యని అడిగితిని. అది వచ్చినచోట మఱియొకటి మొలవనీయదనియు, అందుచే పచ్చదనముతోపాటు పేర్లను గూడ లెక్కింపవలెననియు బదులు చెప్పినది. గురువునైన నేను ఆనాడు శిష్యుడనైతిని.

త్రవ్విన కొండ తిరిగి రాదు. అరచేతి మందము మంచి మట్టి ఏర్పడుటకు శతాబ్దములు పట్టును. కావున ఈ లెక్క ఒకరి ఆయువులో ముగియదు. ఆ మేకులను, ఆ పుస్తకమును తరువాతివారికి నిజాయితీతో అప్పగింపవలెను.

సోదరీసోదరులారా! మన సంఘములును ఏటేట లెక్కలు వ్రాయును: సభ్యులు ఎందఱు, ఉగాదికి వచ్చినవారు ఎందఱు అని. అవి నాటిన మొక్కల లెక్కలు. మొన్న నా మనుమరాలు ఎవరును చెప్పకయే నా బల్లమీది తెలుగు పుస్తకము తీసి, అక్షరము అక్షరము కూడబలుకుకొని ఒక పుట చదివినది. ఆ దినము నా దినచర్యలో వ్రాసికొంటిని: "మొలక ఒకటి. నాటినది కాదు."